రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, ప్రయాణ సమయం: లెక్క ఎలా వేయాలి, ఎక్కడ తప్పుతుంది

ఏ రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టినా నెట్‌లో క్షణంలో రెండు అంకెలు వస్తాయి. ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు. మొదటి అంకెను చాలావరకు నమ్మొచ్చు, రెండోదాన్ని అంత తేలిగ్గా నమ్మడానికి లేదు. దూరం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే ఉంటుంది. సమయం అలా కాదు. ఏ దిక్కుకు వెళ్తున్నారు, ఏ నెలలో, ఏ విమానంలో, ఏ దేశాల మీదుగా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. చాలా సైట్లు దూరాన్ని ఏదో ఒక వేగంతో భాగించి, పైన అరగంట వేసి చూపించేస్తాయి. అందుకే లండన్ నుంచి న్యూయార్క్‌కీ, న్యూయార్క్ నుంచి లండన్‌కీ అక్కడ ఒకే సమయం కనిపిస్తుంది. టికెట్ తీసి చూస్తే రెంటికీ సుమారు గంట తేడా ఉంటుంది.

అందువల్ల ఈ లెక్క ఒకసారి చేత్తో వేసి చూడటం మంచిది. పెద్ద గణితమేమీ అక్కర్లేదు, సైన్, కొసైన్ ఉన్న కాలిక్యులేటర్ చాలు.

ముందు ఏ ఎయిర్‌పోర్టో తేల్చుకోండి

ఇది చెప్పుకోవాల్సిన విషయమా అనిపిస్తుంది గానీ, తప్పుల్లో చాలా భాగం ఇక్కడే మొదలవుతుంది. ఊరి పేరు వేరు, ఎయిర్‌పోర్టు వేరు. లండన్ అంటే హీత్రో కావచ్చు, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ ఎయిర్‌పోర్టుల్లో ఏదైనా కావచ్చు. టోక్యోలో హనేడా, నరిటా ఒకదానికొకటి 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఐఏటీఏ అనే విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఇచ్చే మూడక్షరాల కోడ్‌లలో ఊరికీ ఒక కోడ్ ఉంటుంది, ఎయిర్‌పోర్టుకీ ఒకటి ఉంటుంది. ఎల్‌ఓఎన్ అంటే లండన్ ఊరు మొత్తం, ఎల్‌హెచ్‌ఆర్ అంటే హీత్రో. టికెట్ వెతకడానికి ఊరి కోడ్ పనికొస్తుంది, దూరం లెక్కకు పనికిరాదు.

ఒకే పేరున్న ఊళ్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. శాన్ హోసే కాలిఫోర్నియాలో ఉంది, దాని కోడ్ ఎస్‌జేసీ. కోస్టారికా రాజధాని కూడా శాన్ హోసేయే, దాని కోడ్ ఎస్‌జేఓ. సిడ్నీ ఆస్ట్రేలియాలో ఉంది, కెనడాలోని నోవా స్కోషియాలోనూ ఒక సిడ్నీ ఉంది. ఆస్ట్రేలియా వెళ్దామని టికెట్ కొని కెనడాలో దిగినవాళ్ల ఉదంతాలు పత్రికల్లోనూ వచ్చాయి. అనుమానం వస్తే ఐకావో అనే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పద్ధతిలో ఇచ్చే నాలుగక్షరాల కోడ్ చూడండి. అది దేశాన్ని, ప్రాంతాన్ని బట్టి ఇస్తారు కాబట్టి మొదటి అక్షరంలోనే తేడా తెలిసిపోతుంది.

కోడ్ తేలాక అక్షాంశ రేఖాంశాలు కావాలి. ప్రతి దేశమూ తన ఎయిర్‌పోర్టుల వివరాలతో ఏఐపీ అనే అధికారిక ప్రచురణ తెస్తుంది. అందులో ప్రతిదానికీ ఒక రిఫరెన్స్ పాయింట్, అంటే ఆ ఎయిర్‌పోర్టు స్థానంగా తీసుకునే బిందువు ఉంటుంది. మ్యాప్‌లో ఊరి పేరు మీద నొక్కి తీసుకున్న బిందువు ఊరి నడిబొడ్డుది, ఎయిర్‌పోర్టుది కాదు.

ఇక్కడ ఒక చిన్న తప్పు పదేపదే జరుగుతుంది. అధికారిక పత్రాల్లో అక్షాంశం డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటుంది. 51 డిగ్రీల 28 నిమిషాలు అంటే 51.28 కాదు. 28ని 60తో భాగించి కలపాలి, అప్పుడు 51.467 వస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో బిందువు 20 కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది. దూరపు ప్రయాణంలో అది కనిపించదు కూడా, దగ్గరి ప్రయాణంలోనే బయటపడుతుంది.

గోళం మీద దారి

గోడ మీది మ్యాపులో రెండు ఊళ్ల మధ్య స్కేలు పెట్టి గీసిన గీత అతి దగ్గరి దారి కాదు. గ్లోబు తీసుకుని, ఒక దారం కొసలను రెండు చోట్లా పెట్టి బిగించి లాగండి. దారం ఎటు జారి నిలబడుతుందో అదే అతి దగ్గరి దారి. దాన్ని గ్రేట్ సర్కిల్ అంటారు. ఎయిర్‌పోర్టుల మధ్య దూరం అని ఎక్కడ చూసినా దాదాపు ఎప్పుడూ ఈ దూరమే. యూరోపియన్ యూనియన్‌లో విమాన ప్రయాణికుల హక్కుల కోసం 2004లో చేసిన 261వ రెగ్యులేషన్‌లో కూడా దూరాన్ని గ్రేట్ సర్కిల్ పద్ధతిలోనే కొలవాలని రాశారు.

ఒక జంటను పట్టుకుని చివరిదాకా చేద్దాం. సిడ్నీ, చిలీలోని శాంటియాగో. సిడ్నీ ఎయిర్‌పోర్టు 33.946 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 151.177 డిగ్రీల తూర్పు రేఖాంశం. శాంటియాగో 33.393 దక్షిణం, 70.786 పడమర. దక్షిణానికి, పడమరకు మైనస్ గుర్తు పెట్టాలి.

సూత్రం ఇది: రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్‌లను గుణించి, దాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణించండి. రెండూ కలపండి. వచ్చినదానికి విలోమ కొసైన్ తీస్తే భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణం వస్తుంది.

రెండూ దక్షిణమే కాబట్టి సైన్‌లు రెండూ మైనస్, వాటి లబ్ధం ప్లస్: 0.3073. కొసైన్‌ల లబ్ధం 0.6926. రేఖాంశాల తేడా 151.177 నుంచి మైనస్ 70.786 తీసేస్తే 221.963. ఇది 180 దాటింది కాబట్టి భూమిని అటువైపు నుంచి చుడితే 138.037. కొసైన్ రెంటికీ ఒకటే కాబట్టి ఏది వాడినా ఫరవాలేదు: మైనస్ 0.7436. గుణిస్తే మైనస్ 0.5150. మొత్తం మైనస్ 0.2077. విలోమ కొసైన్ 101.99 డిగ్రీలు. రేడియన్లలో (180తో భాగించి 3.1416తో గుణిస్తే) 1.780. దాన్ని భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లతో గుణిస్తే 11,340 కిలోమీటర్లు.

రెండు ఊళ్లూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. మ్యాపులో చూస్తే పసిఫిక్ మీద తిన్నగా అడ్డంగా వెళ్తే సరిపోతుందనిపిస్తుంది. ఆ అక్షాంశం వెంటే వెళ్తే మాత్రం 12,770 కిలోమీటర్లు అవుతుంది, 1,400కి పైగా ఎక్కువ. గ్రేట్ సర్కిల్ దారి నడిమధ్యకు వచ్చేసరికి 62 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాకా దిగుతుంది. అంటార్కిటికా ద్వీపకల్పపు ఉత్తర కొస 63 డిగ్రీల దగ్గర ఉందంటే ఎంత కిందకో ఊహించుకోండి.

ఇదే లెక్కలో పడమరకు మైనస్ పెట్టడం మరిచిపోతే రేఖాంశాల తేడా 80.391 అయి, జవాబు 7,225 కిలోమీటర్లు వస్తుంది. అంకె చూడటానికి నమ్మదగ్గట్టే ఉంటుంది, అదే దీనితో ప్రమాదం. స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్లు పప్పులో కాలేసే చోటు ఇంకొకటి ఉంది. అక్కడ సైన్, కొసైన్ ఫంక్షన్లు కోణాన్ని రేడియన్లలో అడుగుతాయి. డిగ్రీలు నేరుగా ఇచ్చినా ఏ ఎర్రర్ రాదు, అర్థం లేని అంకె వస్తుంది. ముందు రేడియన్లలోకి మార్చుకోవాలి.

ప్రోగ్రామ్ రాసేవాళ్లు సాధారణంగా హావర్‌సైన్ సూత్రం వాడతారు. జవాబు అదే వస్తుంది. రెండు బిందువులు బాగా దగ్గరగా ఉన్నప్పుడు పైన చెప్పిన సూత్రంలో కొసైన్ విలువ 1కి అతి చేరువై దశాంశాలు పోతాయి. హావర్‌సైన్‌లో ఆ ఇబ్బంది ఉండదు.

రెండు సైట్లలో రెండు దూరాలు ఎందుకు వస్తాయి

భూమి కచ్చితమైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. గోళం అనుకుని వేస్తే హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి 5,540 కిలోమీటర్లు వస్తుంది. భూమి అసలు ఆకారానికి దగ్గరగా ఉండే డబ్ల్యూజీఎస్ 84 దీర్ఘగోళం మీద వేస్తే సుమారు 5,555. రెండూ సరైన లెక్కలే. గోళం లెక్కలో తేడా దాదాపు అర శాతం దాటదు. దీర్ఘగోళం లెక్కకు 1975లో విన్సెంటీ ఇచ్చిన పద్ధతి బాగా వాడుకలో ఉంది. భూమికి ఒకదానికొకటి దాదాపు సరిగ్గా ఎదురుగా ఉన్న బిందువులకు మాత్రం అది తేలకుండా తిరుగుతూ ఉండిపోతుంది, అలాంటప్పుడు 2013లో కార్నీ ఇచ్చిన పద్ధతి నమ్మకమైనది. ప్రయాణం ప్లాన్ చేసుకోవడానికి ఇంత కచ్చితత్వం అక్కర్లేదు, గోళం చాలు.

యూనిట్ల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. మైలు అంటే రెండున్నాయి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. నాటికల్ మైలు సరిగ్గా 1,852 మీటర్లు. పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాడేది నాటికల్ మైలు, వేగం నాట్లలో, అంటే గంటకు ఇన్ని నాటికల్ మైళ్లు. పై 5,555 కిలోమీటర్లే మామూలు మైళ్లలో 3,450, నాటికల్ మైళ్లలో 3,000. ఈ రెండు మైళ్లను కలిపేస్తే తేడా 15 శాతం. అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు ఒక నాటికల్ మైలు. ఇది గుర్తుంటే చార్టు చూసి నోటిలెక్కే వేసేయొచ్చు.

విమానం నిజంగా ఎగిరే దూరం

గ్రేట్ సర్కిల్ దూరం కన్నా తక్కువ దూరంలో ఏ విమానమూ వెళ్లలేదు. ఎక్కువ దూరమే వెళ్తుంది. టేకాఫ్ గాలికి ఎదురుగా చేయాలి కాబట్టి వెళ్లాల్సిన దిక్కుకు వ్యతిరేకంగా లేచి, తిరిగి రావాల్సి రావచ్చు. లేచాక ఆ ఎయిర్‌పోర్టుకు నిర్ణయించిన డిపార్చర్ రూటు, దిగేముందు అరైవల్ రూటు ఉంటాయి. రద్దీ ఉంటే హోల్డింగ్. హీత్రోకి వచ్చే విమానాలు బోవింగ్‌డన్, లాంబోర్న్, ఓకమ్, బిగ్గిన్ అనే నాలుగు చోట్ల ఆకాశంలో చుట్లు కొడుతూ వరుస కోసం ఆగుతాయి. ఈ అదనపు దూరం ప్రయాణం పొట్టిదైనా పొడుగుదైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అందుకే 300 కిలోమీటర్ల ప్రయాణంలో అది పెద్ద వాటా అవుతుంది, 9,000 కిలోమీటర్ల ప్రయాణంలో లెక్కకు రాదు.

రాజకీయం ఇంకా పెద్ద చుట్టు తిప్పుతుంది. హెల్సింకి నుంచి టోక్యోకి గ్రేట్ సర్కిల్ దూరం 7,800 కిలోమీటర్ల పైచిలుకు, అందులో ఎక్కువ భాగం రష్యా మీదుగానే. 2022 ముందు ఆ ప్రయాణం తొమ్మిదిన్నర గంటలు. ఆ ఏడాది రష్యా గగనతలం యూరప్ సంస్థలకు మూతపడ్డాక ఫిన్లాండ్ సంస్థ ఫిన్‌ఎయిర్ ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణంగా చుట్టూ తిరిగో వెళ్లాల్సి వచ్చి సుమారు 13 గంటలు అయింది. దూరం చూపే సైట్‌లో ఈ రోజుకీ ఆ 7,800 కిలోమీటర్లే ఉంటుంది. ఆ అంకె తప్పు కాదు, దానితో సమయం లెక్కేస్తేనే తప్పు.

రెండు ఇంజన్ల విమానాలకు ఈటాప్స్ అనే నియమం ఉంది. దారిలో ఎక్కడ ఒక ఇంజన్ ఆగిపోయినా, మిగిలిన ఇంజన్‌తో అనుమతించిన నిమిషాల్లోపల చేరగలిగిన ఎయిర్‌పోర్టు ఒకటి ఉండాలి. సిడ్నీ-శాంటియాగో లాంటి దారిలో కింద మైళ్ల కొద్దీ నీళ్లే. ఆ విమానానికి ఎన్ని నిమిషాల అనుమతి ఉందో దాన్ని బట్టి దారి గ్రేట్ సర్కిల్‌కు ఎంత దగ్గరగా వెళ్లొచ్చో తేలుతుంది.

దగ్గరి దారి, త్వరగా చేర్చే దారి ఒకటే కానక్కర్లేదనడానికి ఢిల్లీ-శాన్ ఫ్రాన్సిస్కో కన్నా మంచి ఉదాహరణ దొరకదు. గ్రేట్ సర్కిల్ దూరం సుమారు 12,380 కిలోమీటర్లు, ధ్రువానికి దగ్గరగా వెళ్తుంది. ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ మీదుగా 13,900 కిలోమీటర్లు నడిపేది. 2016 అక్టోబర్‌లో పసిఫిక్ మీదుగా తిప్పింది. ఎగిరిన దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో చేరింది. పడమరకు ఎదురుగాలిలో వెళ్లే బదులు తూర్పుకు గాలితోపాటు వెళ్లడమే కారణం.

గాలి

ఈ విషయంలో గాలి చేసే పని చాలామంది అనుకునేదానికన్నా చాలా పెద్దది. మధ్య అక్షాంశాల్లో, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం వీస్తుంది. చలికాలంలో బలంగా ఉంటుంది, వేసవిలో తగ్గుతుంది. రెండు అర్ధగోళాల్లోనూ దిశ ఒకటే. అందుకే సిడ్నీ నుంచి శాంటియాగోకి సుమారు పన్నెండున్నర గంటలు పడితే, తిరుగు ప్రయాణానికి 14 గంటల దాకా పడుతుంది.

2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఒక దశలో నేల మీది కొలతలో దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అంటే ధ్వని వేగాన్ని దాటిందా? లేదు. తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది మామూలు వేగంతోనే వెళ్తోంది, ఆ గాలే ముందుకు పరిగెడుతోంది. గాలిలో వేగం, నేల మీది వేగం వేరువేరని ఇక్కడ బాగా అర్థమవుతుంది.

అంకెల్లో చూద్దాం. దూరం 5,550 కిలోమీటర్లు, విమానం వేగం గంటకు 900 అనుకోండి. గాలి లేకపోతే ఒక వైపుకు 6 గంటల 10 నిమిషాలు, రానూపోనూ 12 గంటల 20 నిమిషాలు. ఇప్పుడు గంటకు 100 కిలోమీటర్ల గాలి వీస్తోందనుకోండి. ఎదురుగా వెళ్తే 800 వేగంతో 6 గంటల 56 నిమిషాలు. గాలితోపాటు వస్తే 1,000 వేగంతో 5 గంటల 33 నిమిషాలు. రెండూ కలిపితే 12 గంటల 29 నిమిషాలు. వెళ్లేటప్పుడు పోయిన సమయం వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి నష్టం ఎప్పుడూ కొంచెం మిగులుతుంది.

భూమి తిరుగుతోంది కాబట్టి పడమరకు వెళ్లే విమానం త్వరగా చేరాలి కదా అని చాలామంది అడుగుతారు. భూమితోపాటు వాతావరణమూ తిరుగుతుంది. విమానం ఆ గాలిలోనే ఉంది కాబట్టి ఆ లాభం లేదు.

గాల్లో సమయం, బ్లాక్ సమయం

టికెట్ మీద ఉండేది గాల్లో గడిపే సమయం కాదు. గేటు దగ్గర విమానం కదలకుండా చక్రాల ముందు పెట్టిన అడ్డుదిమ్మెలు (చాక్‌లు) తీసి విమానం కదిలినప్పటి నుంచి, అవతలి గేటు దగ్గర మళ్లీ చాక్‌లు పెట్టేదాకా ఉన్న సమయం. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. ఇందులో ట్యాక్సీ, అంటే గేటుకీ రన్‌వేకీ మధ్య విమానం నేల మీద నడిచే సమయం కూడా కలిసి ఉంటుంది. చిన్న ఎయిర్‌పోర్టులో రన్‌వే దాకా 5 నుంచి 10 నిమిషాలు, రద్దీ ఉన్నచోట 20 నుంచి 30 నిమిషాలు కూడా పడుతుంది. దిగాక గేటుకు చేరడం సాధారణంగా ఇంతకన్నా తక్కువ.

వేగం సంగతి. జెట్ విమానం ఎత్తులో మాక్ సంఖ్యను పట్టుకుని వెళ్తుంది, అంటే ధ్వని వేగంలో ఎన్నో వంతు అన్నది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 56.5 డిగ్రీలు, అక్కడ ధ్వని వేగం గంటకు 1,062 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 తరహా విమానాలు సుమారు మాక్ 0.78తో, అంటే 828 కిలోమీటర్లతో వెళ్తాయి. 787, ఏ350 మాక్ 0.85తో, అంటే సుమారు 903తో వెళ్తాయి. ఏటీఆర్ 72 లాంటి టర్బోప్రాప్ మహా అయితే 510. కాబట్టి ఒకే దారిలో ఏటీఆర్, ఏ320 రెండూ నడుస్తుంటే సమయాలు వేరుగా ఉండటంలో వింత లేదు.

ఎత్తులో నిలకడగా ఎగిరే ఈ క్రూజ్ వేగం దారి పొడవునా ఉండదు. 10,000 అడుగుల కింద చాలా దేశాల్లో 250 నాట్లకు మించకూడదు. ఎత్తు దిగడానికి పైలట్లు వాడే నోటిలెక్క, ప్రతి 1,000 అడుగులకు 3 నాటికల్ మైళ్లు. 36,000 అడుగుల నుంచి దిగడానికి 108 నాటికల్ మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు ముందే దిగడం మొదలవ్వాలి. వేగం తగ్గించుకోవడానికి ఇంకొంచెం కలుపుతారు. ఎక్కడానికీ ఇంచుమించు అంతే దూరం కావాలి. ఇప్పుడు 500 కిలోమీటర్ల ప్రయాణం ఊహించుకోండి: 200 ఎక్కడం, 200 దిగడం, మధ్యలో నిలకడగా ఎగిరేది 100 కిలోమీటర్లే. నిజానికి అలాంటి ప్రయాణంలో అంత ఎత్తుకు ఎక్కరు కూడా. అందుకే సగం దూరానికి సగం సమయం పట్టదు.

బ్లాక్ టైమ్ అంచనాకు ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. ఏ320 తరహా విమానమైతే దూరాన్ని 800తో భాగించి 40 నిమిషాలు కలపండి. 400 కిలోమీటర్లకు గంటా 10 నిమిషాలు వస్తుంది. 1,200 కిలోమీటర్లకు 2 గంటల 10 నిమిషాలు. దూరం మూడింతలైనా సమయం రెండింతలు కూడా కాలేదు చూడండి. పెద్ద విమానమైతే 880తో భాగించి 45 నిమిషాలు కలపండి. హీత్రో-జేఎఫ్‌కే 5,555 కిలోమీటర్లకు 7 గంటల 4 నిమిషాలు వస్తుంది. ఇది గాలి లేని లెక్క. పడమరకు గంట దాకా కలపాలి. తూర్పుకు అంత తీసేయకండి, ఎందుకంటే షెడ్యూల్‌లో సంస్థలు కొంత వెసులుబాటు పెట్టుకుంటాయి.

ఆ వెసులుబాటు గురించి ఒక మాట. షెడ్యూల్ సమయం అంటే విమానానికి పట్టే సగటు సమయం కాదు. గత సీజన్లలో ఎంత పట్టిందో చూసి, ఎక్కువ విమానాలు సమయానికి చేరేలా కొంచెం ఎక్కువే వేస్తారు. ఈ రంగంలో 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని సమయానికి వచ్చినట్టే లెక్కపెడతారు. ఆలస్యంగా బయల్దేరిన విమానం కూడా టైముకు దిగడం మీరు చూసే ఉంటారు, అది ఈ వెసులుబాటు వల్లే.

గడియారం

స్థానిక సమయాలను నేరుగా తీసేయడం అన్నింటికన్నా మామూలు తప్పు. న్యూయార్క్‌లో సాయంత్రం 6:30కి బయల్దేరి లండన్‌లో మర్నాడు ఉదయం 6:30కి దిగితే 12 గంటలు అనిపిస్తుంది. రెంటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి మార్చండి. చలికాలంలో న్యూయార్క్ యూటీసీకి 5 గంటలు వెనుక, కాబట్టి బయల్దేరింది 23:30 యూటీసీ. లండన్ చలికాలంలో యూటీసీయే, దిగింది 6:30. ప్రయాణం 7 గంటలు. అటువైపు లండన్‌లో 11:00కి బయల్దేరి న్యూయార్క్‌లో 14:00కి దిగితే 3 గంటల్లా కనిపిస్తుంది, నిజానికి 11:00 నుంచి 19:00 యూటీసీ, 8 గంటలు.

అంతర్జాతీయ దినరేఖ దాటితే ఇంకా గమ్మత్తు. టోక్యో యూటీసీకి 9 గంటలు ముందు. అక్కడ సాయంత్రం 17:00కి, అంటే 8:00 యూటీసీకి బయల్దేరి 10 గంటలు ఎగిరితే 18:00 యూటీసీ. లాస్ ఏంజెలెస్‌లో చలికాలం యూటీసీకి 8 గంటలు వెనుక కాబట్టి అక్కడ ఉదయం 10:00, అదే తేదీ. బయల్దేరిన సమయం కన్నా ముందే దిగినట్టు టికెట్ చూపిస్తుంది. ముద్రణ తప్పు కాదు.

అరగంట జోన్ల దగ్గర చిన్న మెలిక ఉంది. భారత సమయం యూటీసీకి 5:30 ముందు, నేపాల్ 5:45 ముందు. స్ప్రెడ్‌షీట్‌లో 5.30 అని దశాంశంగా వేస్తే 5 గంటల 18 నిమిషాలు అయిపోతుంది. 5.5 అనీ, నేపాల్‌కు 5.75 అనీ వేయాలి. సింగపూర్‌లో రాత్రి 20:00కి, అంటే 12:00 యూటీసీకి బయల్దేరి ఢిల్లీలో 23:15కి, అంటే 17:45 యూటీసీకి దిగితే 5 గంటల 45 నిమిషాలు.

డేలైట్ సేవింగ్, అంటే వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం పాటించే దేశాలన్నీ ఒకే రోజు గడియారం మార్చవు. అమెరికా మార్చి రెండో ఆదివారం ముందుకు జరుపుతుంది, యూరప్ మార్చి చివరి ఆదివారం. వెనక్కి జరపడం యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం. ఈ తేదీల నడుమ ఉన్న రోజుల్లో లండన్, న్యూయార్క్‌ల తేడా ఐదు గంటలు కాక నాలుగే. ఆ వారాల్లో కనెక్షన్ ఉన్నవాళ్లు తేడా పాత అలవాటు మీద వేసుకోకుండా ఆ తేదీకి చూసుకోవాలి.

మధ్యలో మారితే

నేరుగా వెళ్లే విమానం లేనప్పుడు మారే ఊరు దారికి ఎంత పక్కగా ఉందో ముందు చూడండి. రెండు ముక్కల దూరాలు కలిపి, నేరు దూరంతో పోల్చాలి. హీత్రో నుంచి సింగపూర్ 10,880, అక్కడి నుంచి సిడ్నీ 6,290, మొత్తం 17,170 కిలోమీటర్లు. నేరుగా హీత్రో నుంచి సిడ్నీ 17,020. తేడా 150 కిలోమీటర్లు, ఒక శాతం లోపే. సింగపూర్ దాదాపు దారిలోనే ఉందన్నమాట. ఈ తేడా 20 శాతం దాటితే టికెట్ ఎంత ఆకర్షణగా ఉన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తే మేలు.

దూరం పెరగకపోయినా సమయం పెరుగుతుంది. ప్రతి దిగుడుకూ ఒక దిగే సమయం, ఒక ఎక్కే సమయం, రెండు ట్యాక్సీలు అదనం, పైన ఆగే గంటలు. ఎయిర్‌పోర్టుకు కనీస కనెక్షన్ సమయం అని ఒకటి నిర్ణయించి ఉంటుంది. ఒకే టికెట్ మీద కొంటే దానికన్నా తక్కువ వ్యవధి అమ్మరు. రెండు వేర్వేరు టికెట్లు కొనుక్కుంటే ఆ కాపలా ఉండదు. లగేజీ తీసుకుని, ఇమ్మిగ్రేషన్ దాటి, మళ్లీ చెకిన్ చేసుకోవాల్సి రావచ్చు. మొదటిది ఆలస్యమైతే రెండో సంస్థకు మీ బాధ్యత లేదు.

చివరగా కచ్చితమైన జవాబు కావాలంటే లెక్క పక్కన పెట్టి, విమానాల కదలికలు చూపే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి సైట్లలో ఆ ఫ్లైట్ నంబర్‌తో వెతికి గత వారం పది రోజుల్లో అది నిజంగా ఎంతసేపట్లో చేరిందో చూడండి. ఒక రోజు చూసి వదిలేయకండి, గాలి రోజురోజుకీ మారుతుంది. ఫ్లైట్‌అవేర్‌లో గేటు సమయాలు వేరుగా, టేకాఫ్ ల్యాండింగ్ సమయాలు వేరుగా కనిపిస్తాయి. టికెట్‌తో పోల్చాల్సింది గేటు సమయాలను.